మనుష్య ఋణం

మనిషి ఋణగ్రస్తుడై జన్మిస్తాడని పూర్వులు చెప్పారు. దేవతలకు యజ్ఞంతో, ఋషులకు అధ్యయనంతో, పితరులకు సంతానంతో తీర్చవలసిన మూడు ఋణాలను లోకం తరచుగా తలచుకుంటుంది. శతపథ బ్రాహ్మణం వాటి సరసనే నిలిపిన నాలుగో ఋణాన్ని మాత్రం చాలాకాలంగా విస్మరించింది. అది తోటి మనుష్యులకు చెల్లించవలసిన ఋణం. ఆశ్రయమిచ్చి, అన్నం పెట్టి దానిని తీర్చుకోవాలని ఆ గ్రంథం విధించింది. కట్టిన వస్త్రాన్ని నేసిన చేతులు, భుజించిన అన్నాన్ని పండించిన చేతులు, నివసించే గృహానికి రాళ్లెత్తిన చేతులు ఎవరివో ఎరగకుండానే మనిషి తన ఆయుష్షంతా గడిపివేయవచ్చు. ఎరగనంత మాత్రాన ఋణం రద్దు కాదు. సామ్యవాదమని, సోషలిజమని రెండు శతాబ్దాలుగా లోకం పిలుస్తున్న భావధార, దాని వాదోపవాదాలను ఒకింత పక్కకు జరిపి చూస్తే, ఈ నాలుగో ఋణాన్ని గుర్తుచేయడానికి పుట్టినదే. ఋణాన్ని అంత స్పష్టంగా పేర్కొన్న సమాజమే పొలం దున్నినవాడిని, చెప్పు కుట్టినవాడిని ఊరి వెలుపల నిలిపిందన్న సత్యాన్ని కూడా దాచరాదు. ధర్మం తెలియక లోకం చెడలేదు; తెలిసిన ధర్మం సుఖానికి అడ్డు వచ్చిన ప్రతిసారీ మరుగునపడింది.

యెరూషలేములోని తొలి క్రైస్తవులు ఆస్తులను అమ్మి, వచ్చిన దానిని ఉమ్మడిగా ఉంచి, ఎవరికెంత అక్కరో అంత పంచుకున్నారని వారి గ్రంథమే చెబుతుంది. ఆ మతాన్ని స్వీకరించిన రాజ్యాలు ఆ అధ్యాయాన్ని పఠించాయే కాని పాటించలేదు. పదిహేను, పదహారు శతాబ్దాల్లో ఇంగ్లండు భూస్వాములు ఉన్ని వ్యాపారం మీది ఆశతో గ్రామాల ఉమ్మడి భూములకు కంచెలు వేసి, సేద్యపు నేలను గొర్రెల మేతబీళ్లుగా మార్చి, తరతరాలుగా దున్నుకుంటున్న కుటుంబాలను దారిన నిలబెట్టారు. ఆకలికి తాళలేక దొంగిలించినవాడిని ఉరితీయడం ఆనాటి న్యాయం. దొంగతనాన్ని పుట్టించే పరిస్థితులను పోషిస్తూ దొంగను శిక్షించడం ఏపాటి న్యాయమని థామస్ మోర్ 1516లో లాటిన్ భాషలో వెలువరించిన ‘యుటోపియా’ నిలదీసింది. ఆయన ఊహించిన ద్వీపంలో సొంత ఆస్తి లేదు. రోజుకు ఆరు గంటల శ్రమ అందరికీ విధి. బంగారం విలువ మలపాత్రలకూ సంకెళ్లకూ పనికివచ్చేంతే. అంతటి ఆదర్శ ద్వీపంలో సైతం బానిసలు మిగిలిపోయారు. ఉదారమైన బుద్ధి కూడా తన కాలపు అలవాటు కప్పివేసిన చోట అన్యాయాన్ని చూడలేకపోతుందన్న ఈ సంగతి, ఈ చరిత్రలో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

ఇంగ్లండు రాజు ఒకటో చార్లెస్‌కు శిరచ్ఛేదం జరిగిన 1649లోనే, ఏప్రిల్ మాసంలో, వ్యాపారంలో చితికిపోయిన గెరార్డ్ విన్‌స్టాన్లీ అనే బట్టల వర్తకుడు కొద్దిమంది పేదలతో కలిసి సర్రే ప్రాంతంలోని సెయింట్ జార్జి కొండ మీద బంజరు తవ్వి దుంపలు, క్యారెట్లు, చిక్కుళ్లు నాటాడు. భూమి సమస్త మానవుల ఉమ్మడి నిధి అని ఆయన విశ్వాసం. ఆయుధం పట్టలేదు, ఎవరి సాగుభూమినీ ఆక్రమించలేదు. అయినా చుట్టుపక్కల భూస్వాములు మనుషులను పంపి పంట తొక్కించారు, గుడిసెలు కూల్పించారు. ఏడాది తిరిగేసరికి ఆ ప్రయత్నం అంతరించింది.

పద్దెనిమిదో శతాబ్ది చివర యంత్రం వచ్చింది. దానితో సంపద ఎన్నడూ లేనంతగా పెరిగింది, దానితోపాటే ఋణమూ పెరిగింది. స్కాట్లండులో క్లైడ్ నది జలపాతాల బలంతో తిరిగే న్యూ లానార్క్ నూలు మిల్లులను డేవిడ్ డేల్ 1786లో స్థాపించాడు. డేల్ దయాళువని పేరు పొందినవాడు. ఆయన కాలంలోనే అనాథాశ్రమాల నుంచి తెచ్చిన సుమారు ఐదువందల మంది పిల్లలు, కొందరు ఐదారేళ్ల పసివారు, ఉదయం ఆరు నుంచి రాత్రి ఏడు వరకు ఆ యంత్రాల మధ్య నిలబడి పనిచేశారు. దయ ఉన్నచోటే ఇలా జరిగితే దయలేని చోట ఏమి జరిగిందో వేరే చెప్పనక్కరలేదు. వ్యక్తి దయాళువైనంత మాత్రాన వ్యవస్థ దయామయం కాదని గ్రహించడమే సామ్యవాద చింతనకు తొలి మెట్టు.

1800లో ఆ మిల్లుల నిర్వహణ డేల్ అల్లుడు రాబర్ట్ ఓవెన్ చేతికి వచ్చింది. వేల్స్ దేశపు చిన్న పట్టణంలో 1771లో పుట్టి, పదేళ్ల ప్రాయంలోనే ఇల్లు విడిచి, దుకాణాల్లో పనిచేస్తూ పైకి వచ్చిన ఓవెన్ మనుష్య స్వభావం గురించి ఒకే ఒక్క సత్యాన్ని గట్టిగా నమ్మాడు: మనిషి శీలాన్ని అతడు పెరిగే పరిసరాలే తీర్చిదిద్దుతాయి గనుక, దోషిని తిట్టడానికి ముందు దోషాన్ని పెంచిన పరిసరాలను సంస్కరించడం సమాజం విధి. అనాథ పిల్లలను పనికి తెచ్చే పద్ధతిని మానిపించాడు. పదేళ్ల లోపు పిల్లలను మిల్లులోకి రానీయలేదు. 1816 జనవరి 1న వారి కోసం విద్యాలయం తెరిచాడు. అక్కడ బెత్తం లేదు. పటాలు, పాటలు, నృత్యం, ఆరుబయలు ఉన్నాయి. ఇతర మిల్లుల్లో పదమూడు, పద్నాలుగు గంటలు సాగే పనిని పదిన్నర గంటలకు తగ్గించాడు. కల్తీ సరుకును ఎక్కువ ధరకు అంటగట్టే అంగళ్ల స్థానంలో మేలైన సరుకును దాదాపు కొన్న ధరకే అందించే దుకాణం పెట్టించాడు. అమెరికా నుంచి పత్తి రావడం నిలిచిపోయిన దినాలలో, నాలుగు నెలలపాటు యంత్రాలు తిరగకపోయినా, కార్మికులకు పూర్తి వేతనం చెల్లించాడు. అందుకు ఏడువేల పౌన్లకు పైగా ఖర్చయింది. లాభం తగ్గుతుందని భాగస్వాములు అడ్డుపడితే, 1813లో వారిని తప్పించి, పెట్టిన సొమ్ముకు నూటికి ఐదుకు మించిన ప్రతిఫలం కోరని కొత్త భాగస్వాములను చేర్చుకున్నాడు. తత్త్వవేత్త జెరెమీ బెంథామ్ వారిలో ఒకడు.

నూటికి ఐదు! ధనవంతులైనవారు ఈ చిన్న అంకె దగ్గర కొంతసేపు ఆగాలి. లాభాన్ని నిషేధించమని ఓవెన్ ఆనాడు కోరలేదు. దానికొక గట్టు కట్టాడు. ఆశకు హద్దు ఉండాలని, గృహస్థు ధనార్జన చేయవచ్చునేగాని దాని వశం కారాదని ప్రతి జాతి పెద్దలూ బోధించారు. బోధించిన దానిని లెక్కల పుస్తకంలోకి దింపిన యజమానులు మాత్రం వేళ్ల మీద లెక్కించదగినంత మందే. అయితే ఆ పుణ్యశీలుడి మిల్లుకు వచ్చిన పత్తిలో అధికభాగం అట్లాంటిక్ ఆవలి తీరాన నల్లజాతి బానిసలు ఏరినది. మోర్ ద్వీపంలోని బానిసలు ఇక్కడ కనుచూపుకు అందని దూరంలో ఉన్నారు. కంటికి కనిపించే శ్రామికుడికి న్యాయం చేసి, కనిపించని శ్రామికుడిని మరవడం సజ్జనులకు సైతం పట్టే వ్యాధి.

ఓవెన్ తరువాత అమెరికాలో ఇండియానా ప్రాంతపు న్యూ హార్మొనీ గ్రామాన్ని 1825లో కొని, అక్కడ సమానత్వంతో జీవించే సమాజాన్ని స్థాపించబోయి, రెండేళ్లకే విఫలుడయ్యాడు. ఆయన సంపదలో అయిదింట నాలుగు వంతులు అందులో కరిగిపోయాయి. వచ్చి చేరినవారిలో చర్చించేవారు ఎక్కువ, మట్టి పనికి వంగేవారు తక్కువ. ఒక ధర్మాత్ముడు డబ్బు పోసి నిర్మించి ఇచ్చిన సమత్వాన్ని పుచ్చుకున్నవారు నిలుపుకోలేకపోయారు. నిలిచినది వేరొకటి. లాంకషైర్‌లోని రోచ్‌డేల్‌లో, సమ్మెల్లో ఓడి ఆకలికి నకనకలాడుతున్న చేనేతవారూ ఇతర వృత్తులవారూ 28 మంది, తలా ఒక పౌను కూడబెట్టి, 1844 డిసెంబరు 21న టోడ్ లేన్ వీధిలో చిన్న కొట్టు తెరిచారు. వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓట్స్ పిండి, కొవ్వొత్తులు, ఇవే వారి సరుకు. తూకం సరిగ్గా ఉండాలి, కల్తీ ఉండరాదు. ఎన్ని వాటాలున్నా ఒక మనిషికి ఒకే ఓటు. మిగిలిన లాభం కొన్నవారికే, కొన్నంత మేరకు చెందాలి. ఈ నియమాలు ప్రపంచమంతటా వ్యాపించాయి. మన ఊళ్లలోని సహకార సంఘాలకు ఇవే మూలం. వాటి తూకాలూ ఖాతాలూ ఈ నాలుగు నియమాలకు ఎంత దూరం జరిగాయో సభ్యులైనవారు తమను తామే ప్రశ్నించుకోవాలి.

దయతోనూ దానంతోనూ ఆదర్శ గ్రామాలతోనూ ఈ ఋణం తీరదని, సమాజ నిర్మాణమే మారాలని వాదించినవాడు కార్ల్ మార్క్స్. 1818లో జర్మనీలోని ట్రియర్‌లో పుట్టి, దేశదేశాల నుంచి బహిష్కృతుడై, లండన్‌లో పేదరికం మధ్య నలుగురు బిడ్డలను చిన్నతనంలోనే పోగొట్టుకొని, 1867లో ‘పెట్టుబడి’ మొదటి సంపుటం ప్రచురించాడు. మిత్రుడి రచన సాగడానికి ఫ్రెడరిక్ ఎంగెల్స్ తనకు ఇష్టంలేని వ్యాపారాన్ని మాంచెస్టర్‌లో ఇరవై ఏళ్లు చేశాడు. మిత్రుడు 1883లో గతించాక మిగిలిన రెండు సంపుటాలను పరిష్కరించి వెలువరించాడు. మైత్రిని గురించి నీతిశాస్త్రాలు చెప్పినది ఆ ఇరవై ఏళ్లలో ఉంది.

మార్క్స్ చెప్పిన దాని సారం ఇది. శ్రామికుడు విక్రయించేది తన శ్రమశక్తిని. దానికి దొరికే వెల అతడూ అతడి కుటుంబమూ జీవించి, మరునాడు మళ్లీ పనికి రాగలిగేంత. ఆ వెలకు సరిపడిన విలువను అతడు పనిదినంలో కొన్ని గంటల్లోనే సృష్టిస్తాడు. మిగిలిన గంటల శ్రమ నుంచి పుట్టిన అదనపు విలువ యజమానికి లాభంగా, ఋణదాతకు వడ్డీగా, భూస్వామికి కౌలుగా చేరుతుంది. ఇందులో యజమాని దుర్మార్గుడై ఉండనక్కరలేదు. పోటీ అతడిని కూడా తరుముతుంది. వెనుకబడితే అతడే నశిస్తాడు. కనుక భూమి, గని, మిల్లు, యంత్రం వంటి ఉత్పత్తి సాధనాలు కొద్దిమంది సొత్తుగా ఉన్నంతకాలం సుగుణవంతులైన యజమానులను ఎంచుకోవడం వల్ల ప్రయోజనం లేదు. అవి సమాజం ఉమ్మడి సొత్తు కావాలి, అప్పుడు మనిషి ఇచ్చేదానిని అతడి సామర్థ్యమూ, పుచ్చుకునేదానిని అతడి అవసరమూ నిర్ణయిస్తాయి. ఆయన విలువ సిద్ధాంతాన్ని అర్థశాస్త్రజ్ఞులు ఎంతగానో ఖండించారు. ఆయన ఊహించిన పరిణామాలు ఊహించిన దేశాల్లో జరగలేదు. అయినా ఆయన గ్రంథంలో పనిదినం గురించిన అధ్యాయాన్ని ఏ ఖండనమూ తుడిచివేయలేదు. 1863లో వేల్స్ యువరాణి గౌరవార్థం జరగబోయే నృత్యోత్సవానికి పట్టు గౌనులు కుట్టడానికి, ఒక్కొక్క గదిలో ముప్పై మంది యువతులు ఇరవై ఆరున్నర గంటలు ఏకధాటిగా శ్రమించారు. వారిలో మేరీ ఆన్ వాక్లీ అనే ఇరవై ఏళ్ల పిల్ల శుక్రవారం జబ్బుపడి ఆదివారం కన్నుమూసింది. ఆ గౌనులు ధరించినవారు క్రూరులు కారు. కుట్టినది ఎవరని అడగలేదు, అంతే.

ఆ ప్రశ్నను శ్రామికులే లోకం చేత అడిగించవలసి వచ్చింది. 1847లో ఇంగ్లండు పార్లమెంటు వస్త్ర పరిశ్రమలో స్త్రీలకూ చిన్నవయసువారికీ పనిదినాన్ని పది గంటలకు కుదించింది. 1886 మే 1న ఎనిమిది గంటల పనిదినం కోరుతూ అమెరికా నగరాల్లో సమ్మెలు జరిగాయి. చికాగోలో రక్తం చిందింది, నలుగురు ఉరికంబమెక్కారు. 1890 నుంచి మే 1 శ్రామికుల దినమైంది. జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ సోషలిస్టులను చట్టంతో అణచివేస్తూనే, వారి ప్రభావానికి జంకి, 1883 నుంచి 1889 లోపల అనారోగ్య బీమా, ప్రమాద బీమా, వృద్ధాప్య పింఛను తెచ్చాడు. 1948 జూలైలో బ్రిటన్ తన ప్రజలందరికీ ఉచిత వైద్యం అందించే వ్యవస్థను ప్రారంభించింది. నేడు ఆదివారపు సెలవునూ ప్రసూతి సెలవునూ భవిష్యనిధినీ ప్రకృతి సిద్ధమైన గాలివలె అనుభవిస్తున్నవారు, వాటి కోసం ఎవరు చెరసాలకు వెళ్లారో తలచుకోకపోవడం కూడా ఋణ విస్మృతే.

ఈ చరిత్రలో అతి దుఃఖకరమైన భాగాన్ని దాటవేసి నీతి చెప్పడం అధర్మం. 1917లో రష్యాలో జారు రాజ్యం కూలి, రొట్టె, భూమి, శాంతి ఇస్తామన్నవారు అధికారానికి వచ్చారు. నిరక్షరాస్యమైన మహాదేశం చదువు నేర్చింది. స్త్రీలు కర్మాగారాల్లోనూ ప్రయోగశాలల్లోనూ నిలిచారు. హిట్లర్ సేనలను ఆ దేశం కోట్ల ప్రాణాలను ధారవోసి తిప్పికొట్టింది. ఆ దేశంలోనే 1932, 1933 సంవత్సరాల్లో, పండించిన రైతుల ఇంటి గింజలను ప్రభుత్వం లాక్కుపోగా, ఉక్రెయిన్, కజకస్థాన్ తదితర ప్రాంతాల్లో లక్షలాది జనం ఆకలితో మరణించారు. 1932 ఆగస్టు 7న వచ్చిన శాసనం సమష్టి క్షేత్రపు ధాన్యాన్ని దొంగిలించినవారికి మరణశిక్షనో పదేళ్ల చెరనో విధించింది. కోత ముగిసిన చేలలో వెన్నులు ఏరుకున్నవారు సైతం దాని వాతపడ్డారు. ఆకలికి దొంగిలించినవాడిని ఉరితీసే న్యాయాన్ని నిలదీస్తూ 1516లో మొదలైన చింతన, నాలుగు వందల ఏళ్లకు, తన పేరు మీదనే ఆ శిక్షను అమలు చేసింది. 1937, 1938లలో ఆ రాజ్యం ఆరు లక్షలకు పైగా మనుషులకు మరణశిక్ష విధించింది. విప్లవాన్ని నడిపినవారే వారిలో ఎందరో ఉన్నారు.

ఎక్కడ దారి తప్పింది? ధనాన్ని వర్జించినవారు అధికారాన్ని పరిగ్రహించారు. ధనం ఒక్కటే పరిగ్రహం కాదని, పరుల జీవితం మీది ప్రభుత్వం అంతకన్న మత్తైన సొత్తు అని యోగశాస్త్రకారులకు తెలుసు, రాజనీతిజ్ఞులకు తెలుసు; తెలిసినది విజయోత్సాహంలో మరుగునపడింది. రోజా లక్సెంబర్గ్ దానిని మరువలేదు. పోలండులో పుట్టి జర్మనీలో పోరాడిన ఆ విదుషి, 1918లో చెరసాలలో ఉండి, రష్యా విప్లవాన్ని హృదయపూర్వకంగా అభినందిస్తూనే, ప్రభుత్వంతో ఏకీభవించనివారికి లేని స్వేచ్ఛ స్వేచ్ఛే కాదని, ఎన్నికలూ పత్రికా స్వాతంత్ర్యమూ లేనిచోట ప్రజాజీవనం మూలాల్లోనే ఎండిపోతుందని హెచ్చరించింది. 1919 జనవరి 15న బెర్లిన్‌లో సైనికులు ఆమెను హత్యచేశారు. హెచ్చరిక వినవలసినవారు వినలేదు. శాశ్వతమనుకున్న ఆ సోవియట్ మహాసామ్రాజ్యం 1991 డిసెంబరులో కాగితాల మీది సంతకాలతో అంతరించింది. ఇటు న్యూ లానార్క్ మిల్లులు సైతం 1968లో ఆగిపోయి, ఇప్పుడు యాత్రికులు చూసిపోయే కట్టడాలుగా మిగిలాయి. వ్యవస్థలు వస్తాయి, పోతాయి. వాటిలో ఎవరిది ఎవరు అనుభవించారన్న లెక్క మాత్రం ప్రతి తరానికీ కొత్తగా అప్పగింతవుతుంది.

తెలుగునేలకు ఆ లెక్క రక్తంతో పరిచయమైంది. నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల్లో చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, రైతు, ఎవరి పని వారు కూలి లేకుండా దొర గడీకి చేయవలసినదే. దానికి వెట్టి అని పేరు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను సాగుచేసిన పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనివ్వలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకికి బలయ్యాక రగిలిన పోరాటం 1951 దాకా సాగింది. దాదాపు మూడువేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచినట్టు ఆ పోరాట నాయకులు లెక్క చెప్పారు. నాలుగువేల మంది ప్రాణాలర్పించారు. ఆ నాయకుల్లో పుచ్చలపల్లి సుందరయ్య నెల్లూరు జిల్లా భూస్వామి ఇంట పుట్టి, పేరు చివరి కులాన్ని విడిచి, తన వాటా ఆస్తిని ఉద్యమానికి ధారపోసి, సంతానం కలిగితే స్వార్థం పెరుగుతుందేమోనని దానిని సైతం వర్జించి, పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లినవాడు. ఆయన రాజకీయ మార్గంతో ఏకీభవించనివారు కూడా ఆ నిగ్రహానికి తలవంచారు. పరుల భూమిని పంచాలన్నవాడు ముందు తన భూమిని విడిచాడు.

ఆ పోరాటం సాగిన నల్లగొండ జిల్లాలోనే, 1951 ఏప్రిల్ 18న, పోచంపల్లికి వచ్చిన గాంధేయవాది వినోబా భావేను నలభై హరిజన కుటుంబాలు ఎనభై ఎకరాల భూమి అడిగాయి. వారికి ఎవరైనా భూమి ఇవ్వగలరా అని ఆయన సభలో ప్రశ్నించగా, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరు ఎకరాలు ఇస్తానన్నాడు. అలా పుట్టిన భూదానోద్యమంలో దేశమంతటా లక్షల ఎకరాలకు వాగ్దానాలు వచ్చాయి. వాటిలో కొంత భూమి పేదల చేతికి అంది, వారు పంట తీశారు. కొంత సాగుకు కొరగాని రాతినేల. కొంత వ్యాజ్యాల్లో చిక్కినది. కొంత, దానమిచ్చినవారి వారసులో ఇతరులో తిరిగి కలుపుకున్నది, నగరాలు విస్తరించి వెల పెరిగిన చోట మరీ ఎక్కువగా. తెలుగునేలపై ఆ భూములను కాపాడి పేదలకు పంచడానికి 1965లో చట్టం చేశారు. దానపత్రాలు వెదకి తీయించి, హద్దులు కొలిపించి, మిగిలిన ఎకరాలను భూమిలేనివారి పేర రాయించడం పాలించేవారి విధి. పూర్వుల దానాన్ని తిరిగి కోరకపోవడం వారసుల విధి. ఏ సర్వే నంబరు ఎవరికి దానమైనదో తెలిసిన గ్రామస్థులు సాక్ష్యం చెప్పడానికి వెనుదీయకపోవడం వారి విధి.